హోమ్ స్టడీలో ఏం చూస్తారు, ఎక్కడ ఆగిపోతుంది

దత్తతకు పేరు నమోదు చేసుకున్నవాళ్లు హోమ్ స్టడీ, అంటే బిడ్డను ఇచ్చే ముందు సోషల్ వర్కర్ ఇంటికొచ్చి చేసే పరిశీలన, అనగానే పరీక్ష హాలుకు బయల్దేరిన పిల్లల్లా అయిపోతారు. సోషల్ వర్కర్ ఫలానా రోజు వస్తున్నారని ఫోను రాగానే గోడలకు రంగులు, సోఫాకు కొత్త కవర్లు, పక్కింట్లోంచి తెచ్చి సర్దిన బొమ్మలు. అవేవీ రిపోర్టులోకి ఎక్కవు. ఆ రిపోర్టు చదివేవాళ్లకు కావలసింది వేరే: ఈ గడప లోపలికొచ్చే బిడ్డకు రేపు జ్వరమొచ్చినా, చదువు తలకెక్కకపోయినా, అమ్మానాన్నల్లో ఒకరికి ఏదైనా అయినా పట్టుకునే చేతులు ఎన్ని ఉన్నాయి? ఆ చేతులు ఇష్టంగా చాచినవా, మొహమాటానికి చాచినవా?

పిల్లల కోసం ఏళ్ల తరబడి తపించినవాళ్లకు ఈ ప్రశ్నలు నొప్పిగానే ఉంటాయి. కడుపున పుట్టే బిడ్డకైతే ఎవరైనా ఇంటికొచ్చి అడుగుతారా అని బాధపడతారు. నిజమే, అడగరు. కానీ దత్తతకు వచ్చే బిడ్డ అప్పటికే ఒకసారి ఇల్లు పోగొట్టుకుంది. పెంచుకుంటామని తీసుకెళ్లినవాళ్లు కూడా కొన్ని నెలలకు వెనక్కి తెచ్చి అప్పజెబితే ఆ పసిదానికి తగిలే దెబ్బ మామూలుది కాదు. ఈ పరిశీలనంతా ఆ ఒక్కటి జరగకుండా చూడటానికే. ఇది మనసులో ఉంచుకుంటే సోషల్ వర్కర్ అడిగే ప్రతి ప్రశ్నా ఎందుకొచ్చిందో అర్థమవుతుంది.

మన దేశంలో ఈ పద్ధతికి పునాది పడింది 1984లో. విదేశాలకు పిల్లల్ని దత్తత పంపడంలో జరుగుతున్న అక్రమాల మీద లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన లేఖనే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుని, జస్టిస్ పి.ఎన్. భగవతి ఆధ్వర్యంలో తీర్పు ఇచ్చింది. బిడ్డను కోరే విదేశీ కుటుంబం గురించి అక్కడి గుర్తింపు పొందిన సంస్థ హోమ్ స్టడీ చేసి పంపాలని అందులో చెప్పింది. 1990లో కారా, అంటే కేంద్ర దత్తత వనరుల సంస్థ వచ్చింది. ఇప్పుడు దేశంలోపలి దత్తతలకు కూడా 2015 బాల న్యాయ చట్టం, దాని కింద వచ్చిన 2022 దత్తత నిబంధనలే ఆధారం. హోమ్ స్టడీ లేకుండా, అనాథగానో తల్లిదండ్రులు వదులుకున్న బిడ్డగానో నమోదైన పిల్లను కొత్త కుటుంబానికి ఇవ్వరు. సొంత బంధువుల పిల్లల్ని తీసుకునే దారి వేరు. చట్టం ప్రకారం బంధువులంటే బాబాయి, పెదనాన్న, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ, ఇటూ అటూ తాతయ్యలు, నానమ్మ, అమ్మమ్మ. దాని గురించి ఇక్కడ రాయడం లేదు.

ముందు అర్హత సంగతి. సోషల్ వర్కర్ గడప తొక్కకముందే లెక్కతో తేలిపోయే విషయాలు కొన్ని ఉంటాయి. దంపతులైతే పెళ్లయి కనీసం రెండేళ్లు నిలకడగా కలిసి ఉండాలి, ఇద్దరి ఒప్పుకోలూ ఉండాలి. ఒంటరి స్త్రీ ఆడపిల్లనైనా మగపిల్లాణ్ణయినా తీసుకోవచ్చు. ఒంటరి మగవాడికి ఆడపిల్లను ఇవ్వరు. బిడ్డకూ తల్లిదండ్రుల్లో ప్రతి ఒక్కరికీ మధ్య కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ పిల్లలున్న దంపతులకు ప్రత్యేక అవసరాలున్న పిల్లల్నీ, ఇల్లు దొరకడం కష్టమైన పిల్లల్నీ మాత్రమే ఇస్తారు. ఏ నేరంలోనైనా శిక్షపడి ఉన్నా, పిల్లల హక్కుల ఉల్లంఘన కేసులో నిందితులుగా ఉన్నా అర్హత లేదు.

ఎక్కువమంది తికమకపడేది వయసు దగ్గర. దంపతుల వయసులు రెండూ కలిపి చూస్తారు. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే మొత్తం 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఎనిమిది నుంచి పద్దెనిమిదికి 110. ఒంటరిగా తీసుకునేవారికి ఇవే వరుసలో 40, 45, 50, 55. భర్తకు 44, భార్యకు 40 అయితే మొత్తం 84, చంటిబిడ్డకు నమోదు చేసుకోవచ్చు. భర్తకు 46, భార్యకు 41 అయితే 87, రెండేళ్లు దాటిన బిడ్డ వరుసలోకి వెళ్తారు. లెక్కలోకి వచ్చేది నమోదు చేసుకున్న రోజు వయసే. కాబట్టి ‘ఇంకో ఏడాది చూద్దాం’ అనుకుంటూ కూర్చుంటే ఒక వరుస చేజారిపోవచ్చు. దంపతులిద్దరికీ ఏడాది గడిస్తే మొత్తంలో రెండేళ్లు పెరుగుతాయి, అది చాలామందికి తట్టదు.

నమోదు కేరింగ్స్ అనే కారా వెబ్ పోర్టల్‌లో జరుగుతుంది. దేశమంతటికీ ఒకే వరుస, ఒకే దరఖాస్తు. రెండు రాష్ట్రాల్లో రెండుసార్లు పెడితే త్వరగా వస్తుందన్న మాట నమ్మొద్దు. ఏ వయసు బిడ్డ, ఆడపిల్లా మగపిల్లాడా లేక ఎవరైనా ఫర్వాలేదా, మామూలు ఆరోగ్యమా ప్రత్యేక అవసరాలున్నా సరేనా అన్నది అక్కడే చెప్పాలి. కులం, మతం అడిగే వీలు లేదు. దాని గురించి కింద మళ్లీ వస్తాను.

కాగితాల్లో కావలసినవి కొత్తవేం కావు. కుటుంబం ఫొటో, పాన్ కార్డు, పుట్టిన తేదీ రుజువు, ఇంటి చిరునామా రుజువు, ఆదాయం రుజువు, డాక్టర్ ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం, పెళ్లి సర్టిఫికెట్టు. విడాకులైతే కోర్టు డిక్రీ, జీవిత భాగస్వామి పోయుంటే మరణ ధ్రువపత్రం. ఇంట్లో ఇప్పటికే ఐదేళ్లు దాటిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ ఒప్పుకోలు కూడా కావాలి.

ఇవన్నీ ఇంట్లో ఉండేవే అయినా ఫైలు నెలల తరబడి కదలకపోవడానికి కారణం తరచూ ఇక్కడే ఉంటుంది. మన పేర్లు అలాంటివి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, పాన్‌లో అదే ఇంటిపేరు చివరికి పోతుంది, పదో తరగతి మార్కుల జాబితాలో ఒక్క అక్షరమై కూర్చుంటుంది. ఆవిడకు పెళ్లికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఇంకొకటి. పుట్టిన తేదీ బడిలో చేర్పించేటప్పుడు మాస్టారు వేసిందొకటి, అసలుదొకటి. గుడిలో పెళ్లి చేసుకుని పదిహేనేళ్లయినా రిజిస్ట్రేషన్ చేయించుకోనివాళ్లు కోకొల్లలు. ఇవేవీ నేరాలు కావు గానీ పోర్టల్‌కు మన కథ తెలియదు. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా ఇద్దరు వేర్వేరు మనుషులనే దాని లెక్క. నమోదుకు ముందే ఇద్దరి ఆధార్, పాన్, పెళ్లి సర్టిఫికెట్టు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. ముందు ఆధార్ సరిచేయించుకుని, దాన్ని బట్టి మిగతావి మార్పించుకుంటే తేలిక. పెళ్లి రిజిస్ట్రేషన్ ఈరోజే చేయించుకోండి.

కాగితాలు అందిన రోజు నుంచి 60 రోజుల్లో హోమ్ స్టడీ పూర్తి కావాలన్నది నిబంధన. చేసేది మీరున్న రాష్ట్రంలోని గుర్తింపు పొందిన దత్తత సంస్థ సోషల్ వర్కర్, లేదా జిల్లా బాలల సంరక్షణ యూనిట్ తరఫున వచ్చేవారు. మన జిల్లాల్లో శిశుగృహ అని పిలిచేది కూడా అలాంటి దత్తత సంస్థే. ఇందుకు కట్టాల్సిన రుసుము 6,000 రూపాయలు. రసీదు తీసుకోండి. దానికి మించి విరాళం, కానుక, ‘పిల్లల కోసం ఏదో ఒకటి’ అని ఏ రూపంలో అడిగినా తప్పే. దత్తతకు వచ్చినవాళ్ల నుంచి విరాళం తీసుకునే అధికారం ఏ సంస్థకూ లేదు. ఆసుపత్రిలో తెలిసినవాళ్లు ఉన్నారు, ఈ తతంగమేదీ లేకుండా బిడ్డ దొరుకుతుంది అని చెవిలో చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ తగులుతారు. బాల న్యాయ చట్టంలోని 80వ సెక్షన్ ప్రకారం ఈ పద్ధతి పాటించకుండా బిడ్డను తీసుకున్నా ఇచ్చినా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. డబ్బు చేతులు మారితే 81వ సెక్షన్, ఐదేళ్ల దాకా కఠిన శిక్ష. అన్నిటికంటే దారుణం, రెండేళ్లు గుండెల మీద పెంచిన బిడ్డను ఒకరోజు పోలీసులు వచ్చి తీసుకెళ్లడం. ఆ బిడ్డకు అప్పుడు మీరే అమ్మానాన్నలు.

ఇక అసలు విషయం. సోషల్ వర్కర్ వచ్చినప్పుడు ఇద్దరితో కలిపి మాట్లాడతారు, తర్వాత విడివిడిగా మాట్లాడతారు. విడిగా మాట్లాడటమే ఎందుకు ముఖ్యమో చెబుతాను. కలిసి కూర్చున్నప్పుడు ఎక్కువ ఇళ్లలో ఒకరే మాట్లాడతారు. భర్త చెబుతుంటే భార్య తలూపుతుంది, లేదా ఆవిడ ఉత్సాహంగా చెబుతుంటే ఆయన గోడ వంక చూస్తుంటాడు. విడిగా కూర్చోబెట్టి ‘దత్తత ఆలోచన మొదట ఎవరికి వచ్చింది, రెండోవాళ్లు ఒప్పుకోవడానికి ఎంతకాలం పట్టింది’ అని అడగ్గానే అసలు సంగతి బయటపడుతుంది. ‘ఆమె ఏడుస్తోందని ఒప్పుకున్నాను’, ‘మా అత్తగారి నోటికి జడిసి’, ‘ఆస్తి బయటికి పోకూడదని’, ‘బిడ్డ వస్తే మాకూ సొంత బిడ్డ కలుగుతుందని సిద్ధాంతి చెప్పారు’. వీటిలో మొదటిదాన్ని మాటల్తో సర్దుకోవచ్చు. ఇంకొన్ని నెలలు ఆగి, కౌన్సెలింగ్‌కు వెళ్లి మళ్లీ రమ్మంటారు. చివరి రెండింటిలో బిడ్డ ఒక సాధనం అయిపోతోంది, అక్కడ సోషల్ వర్కర్ కలం ఆగుతుంది.

నా ఉద్దేశంలో హోమ్ స్టడీలో వెనక్కి పోయే ఇళ్లలో పెద్ద లోటు డబ్బుది కాదు. ఇద్దరిలో ఒకరి మనసు ఇంకా ఇక్కడికి చేరకపోవడం. ముఖ్యంగా సంతాన చికిత్స నుంచి వచ్చినవాళ్ల విషయంలో. ఐవీఎఫ్ మూడుసార్లు విఫలమైన ఇంట్లో ఆ దుఃఖం ఒక్కసారిగా తీరిపోదు. దాని గురించి అడిగితే ‘అదంతా అయిపోయిందండీ’ అని మాట దాటేస్తారు. కానీ అది తీరకుండానే బిడ్డ వస్తే, ప్రతి పోలికా గుచ్చుకుంటుంది: కళ్లు ఎవరివో, రంగు ఎవరిదో అని. అందుకే చికిత్స ఇంకా నడుస్తోందా, ఆపారా, ఆపాలన్న నిర్ణయం ఇద్దరిదా అని సూటిగా అడుగుతారు. వయసు లెక్క చేజారకుండా చికిత్స నడుస్తుండగానే నమోదు చేసుకున్నవాళ్లుంటారు, అందులో తప్పు లేదు. హోమ్ స్టడీ నాటికి ఆ విషయం దాచకుండా చెప్పాలి. ‘ఇంకొక్కసారి ప్రయత్నించాలని ఉంది’ అంటే ఆ ప్రయత్నం అయ్యాకే రమ్మంటారు. అది మంచి సలహా.

ప్రతి సోషల్ వర్కరూ తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకొకటుంది: బిడ్డకు ఎప్పుడు చెబుతారు?

ఇక్కడ వచ్చే జవాబులు దాదాపు మూడు రకాలు. ‘ఎందుకు చెప్పాలి, మా బిడ్డే కదా’ అనేవాళ్లు. ‘పద్దెనిమిదేళ్లొచ్చాక కూర్చోబెట్టి చెబుతాం’ అనేవాళ్లు. ‘ఎలా చెప్పాలో మాకు తెలియదు, మీరే చెప్పండి’ అనేవాళ్లు. మూడో జవాబు చెప్పినవాళ్లకే సోషల్ వర్కర్ దగ్గర ఎక్కువ నమ్మకం దొరుకుతుంది. మొదటి ఇద్దరూ ప్రేమతోనే అంటారు, సందేహం లేదు. కానీ మన ఇళ్లలో రహస్యం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఏ పెళ్లి పందిట్లోనో దూరపు పిన్ని ‘నువ్వేనా ఆ పెంపుడు పిల్లవి’ అని అడిగేదాకా. పదిహేనేళ్ల పిల్ల అప్పటికప్పుడు కుప్పకూలేది దత్తత అని తెలిసి కాదు, అందరికీ తెలిసి తనకొక్కదానికే తెలియనందుకు. కాబట్టి బిడ్డకు రెండు మూడేళ్లప్పటి నుంచే నిద్రపుచ్చే కథలాగా చెప్పాలని సలహా ఇస్తారు. నిన్ను తీసుకొచ్చిన రోజు ఈ గౌను వేసుకున్నావు, బస్సులో నిద్రపోయావు, ఇదిగో ఫొటో. అర్థమయ్యే వయసు రాకముందే ఆ మాట చెవికి అలవాటైపోతే, అర్థమయ్యే రోజున దెబ్బలా తగలదు. పెద్దయ్యాక తన మూలాలు వెతుక్కునే హక్కు కూడా నిబంధనల్లోనే బిడ్డకు ఉంది. ఆ రోజు మీకేమనిపిస్తుందని అడగొచ్చు. ‘బాధగా ఉంటుంది, అయినా తోడు వెళ్తాం’ అంటే చాలు.

తర్వాత ఇంట్లో పెద్దవాళ్లు. అత్తమామలు అదే ఇంట్లో ఉంటే వాళ్లతో మాట్లాడకుండా రిపోర్టు రాయరు. వేరే ఊళ్లో ఉన్నా అభిప్రాయం అడుగుతారు. ‘ఎవరి బిడ్డో ఏమో, కులం ఏదో’ అన్న మాట వచ్చేది ఇక్కడే. కులం వివరం ఇవ్వరు. దాని గురించి మళ్లీ మళ్లీ అడిగితే బిడ్డ రేపు ఆ ఇంట్లో ఎలాంటి చూపుల మధ్య పెరుగుతుందో సోషల్ వర్కర్‌కు తెలిసిపోతుంది. పెద్దాయన మొదట్లో గొణిగినంత మాత్రాన దరఖాస్తు పోదు. కొడుకూ కోడలూ ఆ మాటకు ఎలా నిలబడ్డారన్నది చూస్తారు. ‘నాన్నగారు ఇంకా ఒప్పుకోలేదు, పండగలకి పిల్లను పక్కన పెడితే మేం ఊరికి వెళ్లడం మానేస్తాం, ఆ మాట ఆయనకి చెప్పేశాం’ అన్న జవాబుకు ఎంతో విలువుంది. ‘బిడ్డ వస్తే వాళ్లే మారిపోతారు లెండి’ అన్నదానికి అంత లేదు. మారతారేమో. మారేదాకా మోయాల్సింది పసిబిడ్డ.

అప్పటికే ఒక బిడ్డ ఉన్న ఇంట్లో ఆ బిడ్డతోనూ మాట్లాడతారు. ‘చెల్లి వస్తే నీ గది పంచుకుంటావా’ అని అడిగితే ‘పంచుకోను’ అన్నా ఫర్వాలేదు, ఏ పిల్లాడైనా అంటాడు. పాఠం అప్పజెప్పినట్టు ‘చెల్లిని బాగా చూసుకుంటాను అంకుల్’ అంటేనే అనుమానం వస్తుంది.

ఇల్లు చూసేటప్పుడు సొంతిల్లా అద్దెదా అన్న తేడా లేదు. ఆదాయానికి ఇంత ఉండాలన్న కనీస అంకె నిబంధనల్లో ఎక్కడా లేదు. చూసేది నిలకడ: నెలనెలా వచ్చేదెంత, అప్పుల వాయిదాలకు పోయేదెంత, అకస్మాత్తుగా ఆసుపత్రి ఖర్చొస్తే ఏం చేస్తారు. అందుకే హోమ్ స్టడీ ముందు అప్పు చేసి ఏసీ పెట్టించడం ఎదురు తంతుంది, ఆ వాయిదా కూడా లెక్కలోకి వస్తుంది మరి. చిన్న వ్యాపారం చేసేవాళ్లు, వ్యవసాయం చేసేవాళ్లు ఆదాయం చూపించడానికి ఇబ్బంది పడతారు. ఆదాయపు పన్ను రిటర్న్ లేకపోతే తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం పెట్టొచ్చు.

ఇంట్లో సోషల్ వర్కర్ కళ్లు ఎక్కడికి వెళ్తాయో చెబుతాను. సంపు మూత బరువుగా, గట్టిగా మూసి ఉందా, లేక పగిలిన రేకు ముక్క కప్పారా. మేడ మీద పిట్టగోడ పెద్దవాళ్ల మోకాలి దాకేనా, నడుము దాకా ఉందా. బాల్కనీ ఊచల మధ్య చిన్నపిల్ల తల దూరేంత సందుందా. బాత్రూములో ఫినాయిల్ పాత కూల్‌డ్రింకు సీసాలో పోసి కింద పెట్టారా. బట్టల సబ్బు, యాసిడ్, ఎలుకల మందు ఏ ఎత్తులో ఉన్నాయి. నేల దగ్గర ప్లగ్గు సాకెట్లు. ఇవి చూసి ఎవరినీ తోసిపుచ్చరు. చూపించి, సరిచేయమంటారు. మళ్లీ వచ్చేసరికి సంపుకు కొత్త మూత పడిందా లేదా అన్నది మాత్రం గుర్తుపెట్టుకుంటారు. బిడ్డ ఎక్కడ పడుకుంటుందో, పగలు ఎవరు చూసుకుంటారో ముందే అనుకుని ఉండటం మంచిది. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే మొదటి నెలల్లో సెలవెవరు పెడతారన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ‘అమ్మమ్మ చూసుకుంటుంది’ అంటే, ఆ అమ్మమ్మను కూడా అడుగుతారు.

ఆరోగ్యం విషయంలో భయంతో చేసే తప్పు ఒకటుంది. ప్రాణానికి ముప్పు తెచ్చే జబ్బు ఉండకూడదన్నది నిబంధన. షుగరు, బీపీ, థైరాయిడ్ ఉన్నా మందులతో అదుపులో ఉంటే, ఆ కారణంతో కాదనరు. డిప్రెషన్‌కు ఒకప్పుడు మందులు వాడి కోలుకున్నవాళ్లను కూడా అంతే. కానీ ఆ సంగతి దాస్తారు, ఆ తర్వాత అల్మారాలో మాత్రల డబ్బా కనిపిస్తుంది, లేదా ఆరోగ్య పత్రంలో ఒకటి, మాటల్లో ఒకటి వస్తుంది. దాచింది మందులే అయినా, ఇంకేం దాచారో అన్న సందేహం మొత్తం రిపోర్టును కమ్ముకుంటుంది. మొదటి పెళ్లి దాచడం కూడా ఇలాంటిదే. విడాకుల డిక్రీ చేతిలో ఉంటే అదొక మామూలు కాగితం. దాచిపెట్టాక బయటపడితే అదే పెద్ద అడ్డంకి.

ఒంటరిగా దత్తత తీసుకునేవారికి ఒక ప్రశ్న గట్టిగా పడుతుంది: మీకేదైనా అయితే బిడ్డ ఎవరి దగ్గరికి వెళ్తుంది? అందుకు దగ్గరి బంధువొకరు బాధ్యత తీసుకుంటామని రాసిచ్చిన పత్రం కావాలి. అన్నయ్య సంతకం పెడితే సరిపోదు, వదిన ఏమంటోందో తెలుసుకోవాలి. సోషల్ వర్కర్ ఫోను చేసేది ఆవిడకే కావచ్చు. అన్నావదినలకు ముందే అంతా చెప్పి ఒప్పించుకోండి. ‘పెళ్లి ఎందుకు చేసుకోలేదు, రేపు చేసుకుంటే’ అనీ అడుగుతారు. చిరాకొస్తుంది, తెలుసు. అక్కడ వాళ్లకు కావలసింది మీ పెళ్లి ఊసు కాదు, రేపు ఇంట్లోకి ఇంకొకరు వస్తే బిడ్డ స్థానం ఏమిటన్నది. అంతవరకే జవాబు చెప్పండి.

అన్నీ అయ్యాక సోషల్ వర్కర్ సిఫారసు రాసి రిపోర్టును పోర్టల్‌లో ఎక్కిస్తారు. తగినవారు కాదని రాస్తే కారణం నమోదు చేసి తీరాలి, దాని మీద అప్పీలు చేసుకునే హక్కు మీకుంది. కారణం చదవకుండా కోపంతో వదిలేయకండి. ఆదాయపు పత్రం చెల్లలేదనో, చిరునామా సరిపోలేదనో ఉంటే అది సరిదిద్దగలిగేదే. ‘దంపతుల్లో ఒకరు ఇంకా సిద్ధంగా లేరు’ అని ఉంటే అప్పీలు కంటే ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవలసింది చాలా ఉంది.

ఆమోదం వచ్చిన రిపోర్టు మూడేళ్లు చెల్లుతుంది. చంటిబిడ్డ కోసం ఎదురుచూపు అంతకంటే ఎక్కువే పట్టొచ్చు, అప్పుడు రిపోర్టును మళ్లీ తాజా చేయించుకోవాలి, వరుసలో మీ స్థానం మాత్రం నమోదు తేదీ నుంచే లెక్క. ఈ ఎదురుచూపులోనే చాలామంది మరచిపోయే పని ఒకటుంది. రిపోర్టులో రాసిన ఇల్లు, ఉద్యోగం, మనుషులు మారితే సంస్థకు చెప్పాలి. బదిలీ అయి హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లారు, మామగారు పోయారు, ఆవిడ ఉద్యోగం మానేసింది, గర్భం దాల్చింది. ఇవేవీ చెప్పకుండా ఊరుకుని, బిడ్డ వివరాలు వచ్చిన రోజున చెబితే అంతా అక్కడికక్కడ ఆగిపోతుంది. ఫోను నంబరు, మెయిల్ మారినా వెంటనే మార్పించుకోండి. ఎందుకంటే వంతు వచ్చినప్పుడు బిడ్డ ఫొటో, బిడ్డ గురించిన అధ్యయన నివేదిక, వైద్య పరీక్షల నివేదిక పోర్టల్‌లో కనిపిస్తాయి, ఆ బిడ్డను మీ పేరున రిజర్వ్ చేసుకోవడానికి ఇచ్చే గడువు 48 గంటలు.

ఆ 48 గంటల్లో వైద్య నివేదిక చదివి చెప్పే పిల్లల డాక్టరు ఎవరో ఇప్పుడే చూసిపెట్టుకోండి. నెలలు నిండకుండా పుట్టిందనో, బరువు తక్కువనో, గుండెలో చిన్న శబ్దం వినిపించిందనో రాసి ఉంటుంది. అది కాలంతో సర్దుకునేదా, ఆపరేషన్ అవసరమైనదా అన్నది అర్ధరాత్రి గూగుల్‌లో తేలదు. డాక్టరుగారికి ముందే ఒకసారి కలిసి సంగతి చెప్పి ఉంచితే, ఫోను చేసిన రోజు ఆదివారమైనా నివేదిక చూసి మాట చెబుతారు.